డబ్బా మీద ‘ఆండ్రోస్టాన్-17-వన్’ అని ఉంది. ఒంట్లో పుట్టేదే గదా, డోప్ పరీక్షలో దొరుకుతుందా?

విభాగం: ఆటలు, ఆరోగ్యం (నెల్లూరు – ఒంగోలు)

కావలి_కబడ్డీ | రాత్రి 8:40
అందరికీ నమస్కారం. జట్టులో ఒక కుర్రాడు వాడుతున్న సప్లిమెంట్ డబ్బా గురించి అడుగుతున్నా. ముందువైపు పెద్దక్షరాల్లో ‘సహజ హార్మోన్ బూస్టర్’ అని ఉంది. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ‘3బీటా-హైడ్రాక్సీ-5ఆల్ఫా-ఆండ్రోస్టాన్-17-వన్, 50 మి.గ్రా.’, దాని కింద పల్లేరు సారం, అశ్వగంధ. నెట్‌లో చూస్తే ఆండ్రోస్టెరోన్ అనేది టెస్టోస్టెరోన్ ఖర్చయినాక మనిషి ఒంట్లో దానంతటదే తయారయ్యే సరుకు అని వస్తా ఉంది. అది నిషేధమా కాదా? అందరి మూత్రంలోనూ ఉండేదే అయితే ల్యాబు వాళ్లకి ఎట్టా తెలుస్తుంది? నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు శాంపిల్ అడిగితే పిల్లలు ఏం చూసుకోవాల?

ఉదయగిరి_దుర్గం | రాత్రి 8:52
సహజం అని రాసిన డబ్బాలో సహజమైంది ఆ అట్ట ఒక్కటే అన్నా.

పెన్నాగట్టు | రాత్రి 9:10
కోచ్ గారూ, ముందు పేరు తేల్చుకుందాం, చాలామంది ఇక్కడే తప్పుతారు.

3ఆల్ఫా అయితే ఆండ్రోస్టెరోన్. మీ డబ్బా మీద ఉన్నది 3బీటా, అంటే ఎపిఆండ్రోస్టెరోన్. ఫార్ములా రెండింటికీ ఒకటే: సి19 హెచ్30 ఓ2, అణుభారం సుమారు 290. మూడో కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్ ఒకదాంట్లో కిందికి, ఇంకోదాంట్లో పైకి. అంతే తేడా. రెండూ ఒంట్లో సహజంగా ఉండేవే. కానీ ఎపిఆండ్రోస్టెరోన్ పేరు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషిద్ధ జాబితాలో, కండలు పెంచే స్టెరాయిడ్లుండే ఎస్1 వర్గంలో అచ్చంగా రాసి ఉంది. మింగితే అది ఆండ్రోస్టేన్‌డయోన్ మీదుగా డీహెచ్‌టీ (డైహైడ్రోటెస్టోస్టెరోన్) దాకా పోగలదు. డీహెచ్‌టీ టెస్టోస్టెరోన్ కన్నా గట్టిది. అందుకే దాన్ని ప్రోహార్మోన్, అంటే ఒంట్లోకి పోయాక హార్మోన్‌గా మారేది, అని అమ్ముతారు.

‘జాబితాలో ఎపి పేరుంది, ఆండ్రోస్టెరోన్ పేరు లేదు’ అని ఎవరైనా వాదిస్తే నమ్మొద్దు. ఒకే రకం నిర్మాణం, ఒకే రకం ప్రభావం ఉన్నవన్నీ ఆ వర్గం కిందికే వస్తాయని అక్కడే రాశారు. పోటీల్లోనైనా, పోటీలు లేని రోజుల్లోనైనా నిషేధమే.

ఇక ఒంట్లో దారి. మగవాడి వృషణాలు రోజుకు ఇంచుమించు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరోన్ చేస్తాయి. పని అయిపోయాక అది కాలేయానికి చేరుతుంది. అక్కడ రెండు కత్తెరలు ఉన్నాయనుకోండి, 5ఆల్ఫా రిడక్టేజ్, 5బీటా రిడక్టేజ్ అనే ఎంజైములు. ఆల్ఫా వైపు పోయింది చివరికి ఆండ్రోస్టెరోన్ అవుతుంది, బీటా వైపు పోయింది ఇటియోకొలనొలోన్ అవుతుంది. రెండింటికీ గ్లూకురోనిక్ ఆమ్లం తోక తగిలించి, నీళ్లలో కరిగేట్టు చేసి, మూత్రంలోకి తోసేస్తుంది కాలేయం. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే డీహెచ్‌ఈఏ అనే హార్మోన్ కూడా ఈ రెంటిలోనే కలుస్తుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటి: ఈ కత్తెర పడ్డాక వెనక్కి అతకదు. ఆల్ఫాగా మారింది మళ్లీ బీటా కాలేదు. ల్యాబు వాళ్లకి దొరికే పట్టు అదే.

చీమకుర్తి_రాయి | రాత్రి 9:31
అయితే చాలా సులువు గదా. ఆండ్రోస్టెరోన్, ఇటియోకొలనొలోన్ సమానంగా ఉంటే మంచోడు, ఆండ్రోస్టెరోన్ ఎక్కువైతే దొంగ.

పెన్నాగట్టు | రాత్రి 9:48
అంత సులువు కాదు. ఆ నిష్పత్తి 1 దగ్గర్లో ఉంటుందన్నది సగటు మాట. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, కానీ ఒకే మనిషికి ఏళ్ల తరబడి పెద్దగా మారదు. అందుకే ఇప్పుడు ఊరందరికీ ఒకే కొలబద్ద పెట్టడం తగ్గించి, ఎవరి పాత శాంపిళ్లతో వాళ్లనే పోలుస్తున్నారు. దాన్నే అథ్లెట్ బయోలాజికల్ పాస్‌పోర్టు అంటారు.

అందులో లెక్కపెట్టేవి ఆరు: టెస్టోస్టెరోన్, ఎపిటెస్టోస్టెరోన్, ఆండ్రోస్టెరోన్, ఇటియోకొలనొలోన్, ఇంకా 5ఆల్ఫా, 5బీటా ఆండ్రోస్టేన్‌డయోల్‌లు. వాటి నుంచి ఐదు నిష్పత్తులు తీస్తారు. మూత్రంలో టెస్టోస్టెరోన్ మిల్లీలీటరుకు పదుల నానోగ్రాముల్లో ఉంటే, ఆండ్రోస్టెరోన్ వేలల్లో ఉంటుంది. పాత నిబంధనల్లో ఆండ్రోస్టెరోన్ గానీ ఇటియోకొలనొలోన్ గానీ 10,000 దాటితే అనుమానం కింద లెక్క.

ఏది వాడితే ఏ నిష్పత్తి కదులుతుందో చూడండి. టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్ అయితే టీ/ఈ (టెస్టోస్టెరోన్‌కీ ఎపిటెస్టోస్టెరోన్‌కీ నిష్పత్తి) పెరుగుతుంది, ఎందుకంటే సూదిలో ఎపిటెస్టోస్టెరోన్ ఉండదు, ఒంట్లోదీ తగ్గిపోతుంది. టెస్టోస్టెరోన్ జెల్ అయితే 5ఆల్ఫా డయోల్ వైపు మొగ్గుతుంది, చర్మంలో 5ఆల్ఫా రిడక్టేజ్ ఎక్కువ కాబట్టి. డీహెచ్‌టీ, ఆండ్రోస్టెరోన్, ఎపిఆండ్రోస్టెరోన్ లాంటివి మింగినా పూసినా టీ/ఈ కదలకపోవచ్చు. ఆండ్రోస్టెరోన్ మాత్రం ఇటియోకొలనొలోన్‌ని వదిలేసి ఒక్కటే పైకి పోతుంది. కత్తెర సంగతి ఇందుకే చెప్పింది.

చీమకుర్తి_రాయి | రాత్రి 9:55
టీ/ఈ 6 దాటితేనే గదా కేసు?

శాంపిల్_సీసా | రాత్రి 10:02
అది పాత మాట. 1980ల్లో 6 పెట్టారు, 2005లో 4కి దించారు. ఇప్పుడు 4 కూడా శిక్ష గీత కాదు, తర్వాతి పరీక్షకు పంపే గీత. కొందరికి పుట్టుకతోనే యూజీటీ2బీ17 అనే జన్యువు రెండు ప్రతులూ ఉండవు. వాళ్ల టెస్టోస్టెరోన్‌కి తోక సరిగా తగలదు, టీ/ఈ 0.1 దగ్గర పడి ఉంటుంది. అట్లాంటోడు సూది వేసుకున్నా 4 దాటకపోవచ్చు. సొంత చరిత్రతో పోల్చడం మొదలుపెట్టాక ఆ 0.1 కాస్తా 0.8 అయినా గంట మోగుతుంది.

కోచ్ గారి మూడో ప్రశ్నకి రేపు వివరంగా రాస్తా.

ఎంఎల్‌టీ_కనిగిరి | రాత్రి 10:20
సార్, మా సిలబస్‌లో 17-కీటోస్టెరాయిడ్స్ అని ఉంది. అది ఇదేనా? 24 గంటల మూత్రం పట్టడంలో ఏం తప్పులు జరుగుతాయో చెప్పగలరా? వైవాలో అడుగుతారంట.

పెన్నాగట్టు | రాత్రి 10:46
అవును తమ్ముడూ, అందులో ముఖ్యమైనవి ఈ రెండే, తోడుగా డీహెచ్‌ఈఏ. వైవాలో తప్పకుండా వేసే మెలిక ఒకటుంది: టెస్టోస్టెరోన్ 17-కీటోస్టెరాయిడ్ కాదు. దాని పదిహేడో కార్బన్ మీద ఉన్నది హైడ్రాక్సిల్, కీటో కాదు. మగవాళ్లలో ఈ మొత్తంలో మూడింట రెండొంతులు అడ్రినల్‌దే, వృషణాల వాటా ఒక వంతు. కాబట్టి ఈ పరీక్షతో మగతనం కొలుస్తారనుకోవడం పొరపాటు.

పొద్దున 7 గంటలకి పోసింది పారబోయాలి, పట్టకూడదు. అప్పట్నుంచి ప్రతి చుక్కా క్యానులోకే. మర్నాడు 7 గంటలకి పోసింది మాత్రం కలపాలి. చాలామంది మొదటిదీ చివరిదీ రెండూ కలిపేస్తారు, అప్పుడది 24 గంటలది కాదు. లేదా దొడ్డికి పోయినప్పుడు పోసింది మర్చిపోతారు. అందుకే అదే క్యానులో క్రియాటినిన్ (కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే పదార్థం) కూడా చూడాలి. అది తక్కువగా వస్తే పట్టడంలో లోటు ఉన్నట్టు. క్యాను చల్లగా ఉండాలి, ల్యాబు ఇచ్చిన ఆమ్లం లోపలే ఉంటుంది కాబట్టి కడగకూడదు, నేరుగా దాంట్లో పోయకూడదు, మగ్గులో పట్టి వంచాలి. రోహిణి కార్తెలో క్యాను వరండాలో పెడితే అది శాంపిల్ కాదు, సూక్ష్మజీవుల సంత.

రంగు వచ్చేది జిమ్మర్‌మన్ చర్యతో. మెటా-డైనైట్రోబెంజీన్, క్షారం కలిస్తే ఊదా రంగు, 520 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఇప్పుడు ఆసుపత్రుల్లో దీని బదులు రక్తంలో డీహెచ్‌ఈఏ-ఎస్, 17-హైడ్రాక్సీప్రొజెస్టెరోన్ చేయిస్తున్నారు.

ఉదయగిరి_దుర్గం | రాత్రి 10:58
అసలు దీన్ని మూత్రంలో కనిపెట్టినోడు ఎవరో ఓపికమంతుడు.

పెన్నాగట్టు | రాత్రి 11:15
1931లో జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్. బెర్లిన్ పోలీసుల మూత్రం దాదాపు 15,000 లీటర్లు మరగబెట్టి, వడగట్టి, 15 మిల్లీగ్రాముల పలుకులు తీశారు. టెస్టోస్టెరోన్ దొరకడానికి ముందే దాని చెత్త దొరికిందన్నమాట, అది 1935లో గానీ రాలేదు. 1934లో రుజిచ్కా కొలెస్టెరాల్ నుంచి ఆండ్రోస్టెరోన్ తయారుచేశాడు. 1939 రసాయన నోబెల్ ఈ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

ఆ రోజుల్లో దీని బలం కొలిచింది కోడిపుంజుల మీద. విత్తులు తీసిన పుంజుకి తలమీది ఎర్రజుట్టు ముడుచుకుపోతుంది. మందు ఎక్కిస్తే మళ్లీ పెరుగుతుంది, ఎంత పెరిగిందో అంత బలం. ఒక అంతర్జాతీయ యూనిట్ అంటే 0.1 మిల్లీగ్రాము ఆండ్రోస్టెరోన్. ఆ లెక్కన టెస్టోస్టెరోన్‌తో పోలిస్తే ఇది ఏడో వంతు కూడా కష్టమే. పందెం పుంజులకి పట్టిద్దామనుకునే వాళ్లు నిరాశపడతారు.

దాని తోబుట్టువు ఇటియోకొలనొలోన్‌ది ఇంకో కథ. దాన్ని కండరంలోకి ఎక్కిస్తే కొన్ని గంటలకి జ్వరం వస్తుంది, తెల్లరక్తకణాలు పెరుగుతాయి. ఆండ్రోస్టెరోన్‌కి ఆ గుణం లేదు. ఐదో కార్బన్ దగ్గర ఒక్క హైడ్రోజన్ తిరిగితే అణువు చదునుగా ఉండేది కాస్తా వంగిపోతుంది, గుణమే మారిపోతుంది.

శాంపిల్_సీసా | పొద్దున 6:50
కోచ్ గారూ, మీ మూడో ప్రశ్న. పిల్లలకి ఇది ప్రింటు తీసి ఇవ్వండి.

నోటీసు మీద సంతకం పెట్టినప్పట్నుంచి చాపెరోన్ (వెంట ఉండి కనిపెట్టుకునే మనిషి) కళ్లెదుటే ఉండాలి. దాహమైతే సీలు విప్పని సీసాలే తాగాలి. కప్పు, కిట్టు మీరే ఎంచుకోవాలి, సీలు చెదిరి ఉంటే ఇంకోటి అడగాలి. చేతులు సబ్బు లేకుండా నీళ్లతో కడుక్కోవాలి. బనియను ఛాతీ దాకా పైకి, నిక్కరు మోకాళ్ల దాకా కిందికి, అదే లింగపు అధికారి నేరుగా చూస్తారు. సిగ్గుపడి అటు తిరిగితే ప్రయోజనం లేదు.

కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ముందు బి సీసాలో 30, తర్వాత ఏ సీసాలో 60, కప్పు అడుగున కాసిన్ని చుక్కలు మిగల్చాలి. ఆ చుక్కలతో రిఫ్రాక్టోమీటరు మీద సాంద్రత చూస్తారు. 1.005 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. మూత్రం 150 మిల్లీలీటర్లు దాటితే 1.003 ఉన్నా సరిపోతుంది.

ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఎండలో ఆడి వచ్చి, మూత్రం రావట్లేదని రెండు లీటర్ల నీళ్లు గడగడా తాగుతారు. గంటకి వస్తుంది, కానీ తెల్లగా నీళ్లలాగా. 1.002. మళ్లీ ఇవ్వాలి, మళ్లీ తాగుతారు, రాత్రి పదకొండు. ఒక గ్లాసు తాగి, నీడలో కూర్చుని, కాస్త ఉప్పు బిస్కెట్ తిని ఓపిక పట్టడమే మందు. 90కి తక్కువ వస్తే పారబోయరు, తాత్కాలికంగా సీలు వేసి తర్వాతి దాంతో కలుపుతారు.

పల్చగా ఉంటే ఆండ్రోస్టెరోన్ తక్కువ కనపడుతుంది గదా అని ఎవరికైనా ఆలోచన వస్తే, ల్యాబు దాన్ని 1.020 సాంద్రతకి సర్దుతుంది. 1.010 ఉన్న శాంపిల్‌లో 1,500 వస్తే దాన్ని 3,000 కింద రాసుకుంటారు. నిష్పత్తులు ఎటూ మారవు.

ఫారంలో గత 7 రోజుల మందులన్నీ రాయాలి. అమృతాంజనం నుంచి ఆయుర్వేదం లేహ్యం దాకా.

మైపాడు_అల | పొద్దున 7:35
ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. జాతరలు, గుడి మొక్కులు, పెళ్లిళ్లు వచ్చినప్పుడు నెలసరి వాయిదా మాత్రలు మన దగ్గర అమ్మలే తెచ్చిస్తారు. అందులో ఉండేది నొరెథిస్టెరోన్, మామూలుగా 5 మి.గ్రా. అది నిషేధం కాదు. కానీ దాని వల్ల మూత్రంలో కాసింత 19-నారాండ్రోస్టెరోన్ కనపడొచ్చు. అది నాండ్రోలోన్ అనే నిషిద్ధ స్టెరాయిడ్ సూది తాలూకు గుర్తు, గీత మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాములు మాత్రమే. ల్యాబు నొరెథిస్టెరోన్ ఆనవాళ్లు కూడా వెతుకుతుంది, గర్భం ఉందేమో కూడా చూస్తుంది. ఫారంలో మాత్ర పేరు రాసి ఉంటే అంతా సాఫీగా పోతుంది. పిల్లలు సిగ్గుపడి రాయరు, చిక్కు అక్కడ. గర్భనిరోధక మాత్రలు వాడే వాళ్లకి ఎపిటెస్టోస్టెరోన్ తగ్గి టీ/ఈ పైకి పోతుంది, అదీ రాయించండి.

పేరు ఒకలాగే ఉందని 19-నారాండ్రోస్టెరోన్‌ని, మామూలు ఆండ్రోస్టెరోన్‌ని కలపకండి. ఒకటి నానోగ్రాముల్లో ఉన్నా నేరం, ఇంకోటి వేలల్లో ఉన్నా మామూలు.

మందులకొట్టు_ఒంగోలు | పొద్దున 9:20
మేడమ్ చెప్పింది నిజం. కొట్టు వైపు నుంచి ఇంకో మూడు.

జుట్టు ఊడకుండా వాడే ఫినాస్టరైడ్ 1 మి.గ్రా., ప్రోస్టేట్‌కి 5 మి.గ్రా. ఇది ఆ ఆల్ఫా కత్తెరనే మొద్దుబారుస్తుంది. దాంతో ఆండ్రోస్టెరోన్ పడిపోయి, ఇటియోకొలనొలోన్ నిలబడి ఉంటుంది, పాస్‌పోర్టులో గీత ఒక్కసారి కిందికి. 2005 నుంచి 2008 దాకా అది నిషిద్ధం, 2009లో తీసేశారు. వాడొచ్చు, ఫారంలో రాయాలి. కీటోకొనజోల్ మాత్రలు కూడా స్టెరాయిడ్ల తయారీనే తగ్గిస్తాయి, అవీ రాయాలి.

ఆల్కహాల్. ముందురోజు రాత్రి బాగా పట్టిస్తే టీ/ఈ పెరుగుతుంది, ఆడవాళ్లలో మరీను. ల్యాబు ఇథైల్ గ్లూకురొనైడ్ చూసి తాగాడో లేదో చెప్పేస్తుంది.

పల్లేరు. మన పొలంగట్ల మీద కాళ్లకి గుచ్చుకునే పల్లేరే. అది టెస్టోస్టెరోన్ పెంచుతుందన్న మాట మనుషుల మీద చేసిన పరీక్షల్లో నిలబడలేదు. దానంతటది నిషేధమూ కాదు. పల్లేరు డబ్బా తాగి కండ వచ్చిందంటే, ఆ డబ్బాలో పల్లేరు కాక ఇంకేదో ఉంది.

చీమకుర్తి_రాయి | పొద్దున 10:05
సరే, నిష్పత్తులు చెదిరాయి. అయినా ‘నా ఒళ్లే అంత’ అంటే? అణువు అదే గదా, ఒంట్లోదానికీ ఫ్యాక్టరీదానికీ ముద్ర ఏమన్నా కొట్టి ఉంటుందా?

బొగ్గు_పదమూడు | పొద్దున 11:40
కొట్టే ఉంటుంది. కార్బన్‌లో నూటికి దాదాపు 99 పాళ్లు 12 బరువుది, ఇంచుమించు 1 పాలు 13 బరువుది. ఆ ఒక్క పాలు చెట్టును బట్టి కొద్దిగా మారుతుంది. వరి, సోయా, కంద జాతి దుంపలు సి3 మొక్కలు. వాటిలో 13 తక్కువ, వెయ్యికి ఇన్ని పాళ్లు అని కొలిచే స్కేలు మీద మైనస్ 27 దగ్గర. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్న, చెరకు సి4 మొక్కలు, మైనస్ 13 దగ్గర. ఫ్యాక్టరీ స్టెరాయిడ్‌కి ముడిసరుకు సోయా లాంటి మొక్కల స్టెరాల్స్, అంటే మొత్తం సి3. మనిషి ఒంట్లో తయారయ్యేది మాత్రం వాడు తిన్న తిండంతా కలిసిన కార్బన్.

మన జిల్లాలే చూడండి. డెల్టాలో మొలగొలుకుల అన్నం, వరిగడ్డి మేసిన గేదె పాలు: అంతా సి3. కనిగిరి వైపు జొన్న, సజ్జ సంగటి, జొన్నచొప్ప మేసిన పశువుల పాలు: సి4 వైపు. ఫారం కోడి తినేది మొక్కజొన్న, కాబట్టి చికెన్, గుడ్డు ఎవరు తిన్నా సి4 వచ్చి కలుస్తుంది. ఒక్కో మనిషి అంకె ఒక్కో చోట ఉంటుంది.

అందుకే ల్యాబు అంకెను అంకెగా చూడదు, తేడా చూస్తుంది. బయటి టెస్టోస్టెరోన్ వల్ల మారనిది ఒకటి తీసుకుంటుంది, మామూలుగా ప్రెగ్నేన్‌డయోల్. దానికీ, ఆండ్రోస్టెరోన్, ఇటియోకొలనొలోన్, డయోల్‌లు, టెస్టోస్టెరోన్‌కీ మధ్య తేడా చూస్తుంది. ఒకే వంటింటి సరుకు అయితే అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. తేడా వెయ్యికి సుమారు 3 పాళ్లు దాటితే, ఈ ఆండ్రోస్టెరోన్ వేరే వంటింట్లోంచి వచ్చిందని అర్థం. ఏది బయటిదో కూడా తెలుస్తుంది: టెస్టోస్టెరోన్ తీసుకుంటే అన్నిటి అంకెలూ పక్కకి జరుగుతాయి, ఆండ్రోస్టెరోన్ తీసుకుంటే ఆల్ఫా వైపువే పక్కకి జరుగుతాయి.

యంత్రం పేరు ఐఆర్‌ఎంఎస్. ఒక్కో స్టెరాయిడ్‌నూ వేరుచేసి, కొలిమిలో కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో 44, 45 బరువుల లెక్క తీస్తుంది. శుభ్రంగా వేరుపడకపోతే పక్కదాని కార్బన్ కలిసి అంకె చెడుతుంది. పైగా మామూలు పరీక్షకి రెండు మూడు మిల్లీలీటర్లు చాలితే దీనికి చాలా ఎక్కువ కావాలి. 90 మిల్లీలీటర్లు ఎందుకడుగుతారంటే ఒక కారణం ఇదే.

చీమకుర్తి_రాయి | పొద్దున 11:58
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా.

కొత్త_సభ్యుడు_77 | మధ్యాహ్నం 12:30
[నిర్వాహకుడు తొలగించారు]

వేదిక_నిర్వాహకుడు | మధ్యాహ్నం 12:41
ఎన్ని రోజులకి ఒంట్లోంచి పోతుంది, ఎట్లా దాటేయొచ్చు లాంటి ప్రశ్నలు ఇక్కడ పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

ఎంఎల్‌టీ_కనిగిరి | మధ్యాహ్నం 1:15
ల్యాబులో మామూలు పరీక్ష ఎట్లా చేస్తారు సార్? ఇక్కడి నుంచి ఢిల్లీకి పోయేసరికి ఎండకి చెడిపోదా?

పెన్నాగట్టు | మధ్యాహ్నం 2:20
చెడిపోవచ్చు, చెడినట్టు కూడా తెలిసిపోతుంది. సూక్ష్మజీవులు పడితే ఆండ్రోస్టెరోన్‌లోని 3-హైడ్రాక్సిల్‌ని కీటోగా మారుస్తాయి, అది 5ఆల్ఫా-ఆండ్రోస్టేన్‌డయోన్ అవుతుంది. దానికీ ఆండ్రోస్టెరోన్‌కీ నిష్పత్తి 0.1కి చేరితే ప్రొఫైల్ చెల్లనట్టే. తోక ఊడిపోయిన టెస్టోస్టెరోన్ మొత్తంలో 5 శాతం ఉన్నా అంతే. పాడైన శాంపిల్ నెత్తిన కేసు పెట్టరు.

పని వరసగా ఇట్లా. మూత్రానికి కొలత కోసం తెలిసిన స్టాండర్డు కలిపి, పీహెచ్ 7 దగ్గర ఇ. కోలై బాక్టీరియా నుంచి తీసిన బీటా-గ్లూకురోనిడేజ్ ఎంజైమ్ వేసి, 50 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. తోకలు ఊడతాయి. నత్త రసం ఎంజైమ్ చవకే, కానీ దాంట్లో స్టెరాయిడ్లను మార్చేసే వేరే ఎంజైములు కూడా ఉంటాయి, అందుకని ఇక్కడ వాడరు. తర్వాత కార్బొనేట్‌తో పీహెచ్ 9-10కి లేపి, టెర్ట్-బ్యూటైల్ మిథైల్ ఈథర్‌తో లాగుతారు. ఈథర్‌ని ఆవిరి చేసి, ఎంఎస్‌టీఎఫ్‌ఏ, అమ్మోనియం అయొడైడ్, ఇథేన్‌థయోల్ మిశ్రమం పోసి 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు. జీసీ-ఎంఎస్ (ఒక్కో పదార్థాన్నీ వేరుచేసి అణుభారం బట్టి గుర్తుపట్టే యంత్రం) లోకి పోయేది అదే.

తప్పు ఎక్కువగా జరిగేది ఈ చివరి మెట్టులో. గొట్టంలో తడి మిగిలితే ఎంఎస్‌టీఎఫ్‌ఏ నీళ్లతో పనిచేసి ఖర్చయిపోతుంది. ఎంఎస్‌టీఎఫ్‌ఏ నుంచి ఆండ్రోస్టెరోన్‌కి రెండు టీఎంఎస్ (ట్రైమిథైల్‌సిలైల్) గుంపులు తగలాల్సింది ఒకటే తగులుతుంది, అంకె తగ్గిపోతుంది. అందుకే ఒకటి తగిలింది ఎంత, రెండు తగిలింది ఎంత అని ప్రతి శాంపిల్‌లోనూ చూస్తారు.

కావలి_కబడ్డీ | సాయంత్రం 5:05
అందరికీ దండాలు. కుర్రాడు డబ్బాలో మూడొంతులు వాడేశాడు. ఇంక వాడొద్దని చెప్పా. మిగిలింది పారేయమనేదా?

శాంపిల్_సీసా | సాయంత్రం 5:30
పారేయొద్దు. తాకొద్దు కూడా. మూత బిగించి కవర్లో పెట్టి తేదీ రాయించండి. డబ్బా నాలుగు వైపులా ఫోటో, లాట్ నంబరు, గడువు తేదీ, బిల్లు. రేపు ఏదైనా వస్తే అడిగేవి ఇవే. విప్పిన డబ్బాను ఎవరూ పూర్తిగా నమ్మరు, అదే లాట్‌లో సీలు విప్పనిది దొరికితేనే వాదనకి బలం.

అయితే ఒక మాట. లేబుల్ మీద లేనిది డబ్బాలో దొరికితే కల్తీ అనొచ్చు. ఇక్కడ లేబుల్ మీదే రాసుంది. చదవలేదు అన్నది వాదన కాదు. ఈ వర్గం మందుకి మామూలు శిక్ష నాలుగేళ్లు, ఒంట్లో దొరికిందానికి బాధ్యత ఆటగాడిదే.

మందులకొట్టు_ఒంగోలు | సాయంత్రం 5:44
లేబుల్‌లో ‘ఆండ్రోస్టాన్’, ‘ఆండ్రోస్టీన్’, ‘ఇటియోకొలన్’ అన్న ముక్కలు, లేదా చివర ‘17-వన్’, ‘డయోన్’, ‘డయోల్’ కనపడితే అక్కడే ఆపేయమనండి. మిగతా మందులకి నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో పేరు కొట్టి చూడొచ్చు. సప్లిమెంట్లకి అది పనికిరాదు, అది మందుల కోసం.

కావలి_కబడ్డీ | సాయంత్రం 6:10
బిల్లు దొరికింది. లాట్ నంబరు డబ్బా అడుగున ఉంది, బిల్లు మీద లేదు.

శాంపిల్_సీసా | సాయంత్రం 6:14
రెండూ ఒకే ఫోటోలో పడేట్టు పక్కపక్కన పెట్టి తీయండి. అంకెలు చెరిగిపోయే సిరాతో కొడతారు, ఈ రాత్రికే తీయండి.